లోహం తీర్చే చేబదులు – ఆల్కహాల్ నుండి ఎమీన్ల తయారీ

కొన్ని రసాయన పదార్థాల పేర్లు మనకు తెలియకపోయినా వాటి వాసన మాత్రం చిరపరిచితమే. ఎండుచేపల అంగడి ముందు నడిచిపోయేటప్పుడు ముక్కుపుటాలకు తగిలే ఘాటు అట్టిదే. దానికి ముఖ్య కారణం ట్రైమిథైల్ ఎమీన్ అనే పదార్థం. ఇది ఎమీన్లు అనే పెద్ద కుటుంబానికి చెందినది. అమ్మోనియా అణువులో ఒక నైట్రోజన్ పరమాణువు, దానికి అంటి మూడు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. ఆ మూడింటిలో ఒకదాని స్థానంలోనో, రెండింటి స్థానంలోనో, మూడింటి స్థానంలోనో కార్బన్ సమూహాలు చేరితే వరుసగా ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ ఎమీన్లు ఏర్పడతాయి. 1849లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వుర్ట్జ్ మిథైల్, ఇథైల్ ఎమీన్లను మొదటిసారిగా తయారుచేసి, అవి అమ్మోనియాకు ఎంత దగ్గరి చుట్టాలో లోకానికి తెలియజేశాడు.

వాసన మంచిది కాకపోయినా ఎమీన్ల ఉపయోగం మాత్రం అంతులేనిది. మధుమేహ రోగులు నిత్యం మింగే మెట్‌ఫార్మిన్ మాత్రను తీసుకుందాం. ఆ ఔషధం తయారీకి కావలసిన రెండు ముడి పదార్థాలలో ఒకటి డైమిథైల్ ఎమీన్ లవణం. రక్తపోటుకు ఇచ్చే అటెనొలాల్ అణువులో ఐసోప్రొపైల్ ఎమీన్ భాగం ఉన్నది. ఆసుపత్రులలో వాడే క్రిమినాశకాలలో ఒకటైన బెంజాల్కోనియం క్లోరైడ్ కూడా పొడుగాటి కార్బన్ గొలుసు గల ఒక ఎమీన్ నుండి పుట్టినదే. రంగులు, కీటకనాశకాలు, రబ్బరు పరిశ్రమకు కావలసిన సహాయక ద్రవ్యాలు, వీటన్నింటిలోనూ ఎమీన్లకు స్థానం కలదు. 1960ల దశకంలో హైదరాబాదు బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. సింథటిక్ డ్రగ్స్ కర్మాగారం వెలసిన నాటి నుండి మన ప్రాంతం ఔషధ రసాయనాలకు ప్రసిద్ధి చెందినది. కావున ఎమీన్లను ఎట్లా తయారుచేస్తారు, ఆ తయారీలో ఏమి మిగులుతుంది అన్న ప్రశ్న మనకు కేవలం పరీక్షలో వచ్చే ప్రశ్న మాత్రమే కాదు.

పాత పద్ధతి – దాని వెనుక మిగిలే ఉప్పు

ఇంటర్మీడియట్, డిగ్రీ పాఠ్యగ్రంథాలలో మనం మొదట చదివే పద్ధతి హాఫ్‌మన్ పేరుతో ముడిపడినది. ఆల్కైల్ హాలైడును అమ్మోనియాతో చర్య జరిపితే ఎమీన్ వస్తుంది. ఈ చర్యను 1850 ప్రాంతంలో హాఫ్‌మన్ విపులంగా పరిశోధించాడు. పద్ధతి సులువైనదే. కాని దాని జమాఖర్చులను ఒకసారి చూడవలసి ఉన్నది.

ఇథైల్ క్లోరైడ్‌తో ఇథైల్ ఎమీన్‌ను తయారుచేస్తున్నాం అనుకుందాం. చర్యలో హైడ్రోజన్ క్లోరైడ్ విడుదల అవుతుంది. దానిని పట్టుకొనడానికి మరొక అమ్మోనియా అణువు ఖర్చవుతుంది. అంటే 64.5 కిలోల ఇథైల్ క్లోరైడ్, 34 కిలోల అమ్మోనియా కలిసి 45 కిలోల ఇథైల్ ఎమీన్‌ను, దానితోపాటు 53.5 కిలోల అమ్మోనియం క్లోరైడును ఇస్తాయి. కావలసిన సరుకు కన్న అక్కరలేని ఉప్పే ఎక్కువ! వాడిన పదార్థంలో సుమారు 46 శాతం మాత్రమే ఎమీన్‌గా మారినది. ఇది చర్య సంపూర్ణంగా జరిగిందనుకున్నప్పటి లెక్క. ఆచరణలో సెకండరీ, టెర్షియరీ ఎమీన్లు కూడా కలిసి వస్తాయి కనుక నష్టం ఇంకా ఎక్కువే.

అమ్మోనియం క్లోరైడ్ మనకు కొత్త పదార్థం కాదు. రాగి, ఇత్తడి పాత్రలకు కళాయి పూసేవారు వాడే నవాసాగరం అదే. ఉర్దూలో నౌసాదర్ అంటారు. కళాయివానికి చిటికెడు చాలు. కర్మాగారంలో టన్నులకొద్దీ వచ్చి, మురికి నీటిలో కరిగి, ఇతర మలినాలతో కలిసిన నవాసాగరాన్ని కొనేవారు ఎవరు? అది వ్యర్థజలంగా బయటికి పోవలసినదే.

ఆల్కహాల్‌నే నేరుగా వాడరాదా?

ఆల్కైల్ క్లోరైడులను అనేక సందర్భాలలో ఆల్కహాల్ నుండే తయారుచేస్తారు. అటువంటప్పుడు మధ్యలో క్లోరిన్ ఎందుకు? ఆల్కహాల్‌నే అమ్మోనియాతో కలిపితే ఎమీన్, నీరు మాత్రమే రావాలి కదా! 46 కిలోల ఇథైల్ ఆల్కహాల్, 17 కిలోల అమ్మోనియా కలిస్తే 45 కిలోల ఇథైల్ ఎమీన్, 18 కిలోల నీరు. ఈ లెక్కలో ఉప్పు అనే పద్దు లేదు. వాడిన పదార్థంలో సుమారు 71 శాతం ఎమీన్‌గా మారుతుంది. మిగిలినది నీరే.

కాగితం మీద ఇంత సొగసుగా కనిపించే చర్య గాజు పాత్రలో మాత్రం జరగదు. కారణం స్పష్టం. క్లోరిన్ పరమాణువు కార్బన్‌ను సులభంగా విడిచిపోతుంది. ఆల్కహాల్‌లోని హైడ్రాక్సిల్ సమూహం అట్లా విడిచిపోయే స్వభావం గలది కాదు. ఆమ్లం వేసి దానిని కదిలించుదామంటే, అమ్మోనియా స్వయంగా క్షారం కనుక ఆమ్లాన్ని ముందుగా తానే పట్టేసుకుంటుంది. ఈ చిక్కును విడదీసినవి ఘన ఉత్ప్రేరకాలు.

ఈ మార్గానికి తొలి బాట వేసినవాడు ఫ్రాన్సు దేశంలోని టూలూజ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు పాల్ సబాటియె. 1897లో ఆయన సెండెరెన్స్‌తో కలిసి, సన్నని నికెల్ పొడి మీద ఇథిలీన్, హైడ్రోజన్ వాయువులు సులభంగా కలుస్తాయని కనుగొన్నాడు. ఈ కృషికే 1912లో గ్రీన్యార్‌తో పాటు నోబెల్ బహుమానం అందుకున్నాడు. 1909లో సబాటియె, మైల్‌తో కలిసి, వేడిచేసిన థోరియం ఆక్సైడ్ మీదుగా ఆల్కహాల్, అమ్మోనియా ఆవిరులను పంపి ఎమీన్లను రాబట్టాడు. 1932లో అమెరికాలో వైనన్స్, ఆడ్కిన్స్ అనే శాస్త్రజ్ఞులు నికెల్ సమక్షంలో ఆల్కహాళ్లతో ఎమీన్లకు కార్బన్ సమూహాలను చేర్చవచ్చునని చూపించారు. ఆక్సైడ్ చేసే పని వేరు, లోహం చేసే పని వేరు. ఈ వ్యాసంలో మనకు ముఖ్యమైనది లోహం చేసే పని.

చేబదులు సూత్రం

అత్యవసరానికి పొరుగువారి వద్ద కొద్ది సొమ్ము తీసుకొని, పని కాగానే వడ్డీ లేకుండా తిరిగి ఇచ్చివేయడాన్ని మనం చేబదులు అంటాం. నికెల్, కోబాల్ట్, రాగి వంటి లోహాలు ఆల్కహాల్‌తో నడిపే వ్యవహారం సరిగ్గా ఇట్టిదే. అది మూడు మెట్లలో జరుగుతుంది.

మొదటి మెట్టు: ఆల్కహాల్ అణువు లోహపు ఉపరితలాన్ని తాకగానే, లోహం దాని నుండి రెండు హైడ్రోజన్ పరమాణువులను తీసుకుంటుంది. ఒకటి ఆక్సిజన్ మీదిది, మరొకటి ఆ పక్కనే ఉన్న కార్బన్ మీదిది. హైడ్రోజన్ పోగొట్టుకున్న ఇథైల్ ఆల్కహాల్ ఎసిటాల్డిహైడుగా మారుతుంది. హైడ్రోజన్ పరమాణువులు లోహం మీదనే నిలిచి ఉంటాయి.

రెండవ మెట్టు: ఆల్కహాల్‌ను ఏమీ చేయలేకపోయిన అమ్మోనియా, ఆల్డిహైడుతో మాత్రం సునాయాసంగా కలుస్తుంది. ఒక నీటి అణువు బయటికి పోయి, కార్బన్‌కు నైట్రోజన్‌కు మధ్య ద్విబంధం గల ఇమీన్ ఏర్పడుతుంది.

మూడవ మెట్టు: లోహం తాను తీసుకున్న రెండు హైడ్రోజన్ పరమాణువులను ఇమీన్‌కు ఇచ్చివేస్తుంది. ద్విబంధం ఏకబంధంగా మారి ఇథైల్ ఎమీన్ తయారవుతుంది. లోహం ఉపరితలం ఖాళీ అయి, తరువాతి ఆల్కహాల్ అణువు కోసం సిద్ధంగా ఉంటుంది.

లెక్క చూస్తే తీసుకున్నది రెండు, ఇచ్చినది రెండు. బయటి నుండి ఒక్క హైడ్రోజన్ కూడా నికరంగా ఖర్చు కాలేదు. శాస్త్రజ్ఞులు కూడా ఈ విధానాన్ని హైడ్రోజన్‌ను అరువు తీసుకొనే పద్ధతి అనే పిలుస్తున్నారు. చర్య జరగని ఆల్కహాల్‌ను కొద్దిసేపు చర్య జరిగే ఆల్డిహైడుగా మార్చి, పని ముగియగానే హైడ్రోజన్‌ను యథాస్థానానికి చేర్చడమే ఇందలి కిటుకు.

ఇది నిజమేనా, లేక కేవలం ఊహయా అని అడిగే విద్యార్థికి ఒక మంచి నిదర్శనం ఉన్నది. టెర్షియరీ బ్యూటైల్ ఆల్కహాల్ వంటి టెర్షియరీ ఆల్కహాళ్లలో హైడ్రాక్సిల్ సమూహం ఉన్న కార్బన్ మీద హైడ్రోజన్ ఉండదు. చేబదులు ఇవ్వడానికి చేతిలో సొమ్ము లేనివానివలె, ఆ ఆల్కహాల్ ఆల్డిహైడుగా గాని కీటోన్‌గా గాని మారలేదు. కనుకనే ఈ మార్గంలో దాని నుండి ఎమీన్ రాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు ఆ హైడ్రోజన్ ఉన్నది కనుక, అది ఎసిటోన్ ద్వారా నడిచి ఐసోప్రొపైల్ ఎమీన్‌ను చక్కగా ఇస్తుంది.

ఖర్చు కాని హైడ్రోజన్‌ను పంపడం ఎందుకు?

కర్మాగారాలలో ఈ చర్యను నికెల్ లేక కోబాల్ట్ ఉత్ప్రేరకాల మీద సుమారు 150 నుండి 250 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య జరుపుతారు. ఆల్కహాల్, అమ్మోనియాలతోపాటు హైడ్రోజన్ వాయువును కూడా పంపుతారు. హైడ్రోజన్ నికరంగా ఖర్చు కానప్పుడు దానిని పంపడం దేనికి అన్న సందేహం కలగడం సహజం.

దానికి సమాధానం ఉత్ప్రేరకం ఆరోగ్యంలో ఉన్నది. హైడ్రోజన్ కొరవడితే అమ్మోనియాలోని నైట్రోజన్ లోహంలోనికి చొరబడి లోహ నైట్రైడును ఏర్పరుస్తుంది. ఆల్డిహైడులు, ఇమీన్లు ఒకదానితో ఒకటి కలిసి బరువైన అణువులుగా మారి, చివరకు మసివలె ఉపరితలాన్ని కప్పివేస్తాయి. అప్పుడు లోహం ఉన్నా పని చేయదు. తగినంత హైడ్రోజన్ ఉంటే ఉపరితలం శుభ్రంగా నిలుస్తుంది, ఇమీన్ వెంటనే ఎమీన్‌గా మారుతుంది. అయితే హైడ్రోజన్ మితిమీరినా మొదటి మెట్టులో హైడ్రోజన్‌ను తీయడం కష్టమవుతుంది. ఈ రెండింటి మధ్య సమతూకాన్ని పాటించడమే ఇంజనీరు నేర్పు.

ఒక్కటే కావాలంటే మూడు రావడం

ఈ పద్ధతిలోని పెద్ద చిక్కు వరణాత్మకత. ప్రైమరీ ఎమీన్ తయారైన మరుక్షణం అది ఊరకుండదు. ఆల్డిహైడు మీద దాడి చేయడంలో అది అమ్మోనియా కన్న చురుకైనది. అందుచేత అదే మరొక ఆల్డిహైడుతో కలిసి సెకండరీ ఎమీన్‌ను, అది మళ్ళీ టెర్షియరీ ఎమీన్‌ను ఇస్తాయి. ప్రైమరీ ఎమీన్ ఎక్కువగా కావాలంటే అమ్మోనియాను అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువగా పంపాలి. అప్పుడు ఆల్డిహైడుకు ఎమీన్ ఎదురుపడే అవకాశం తగ్గుతుంది. మిగిలిన అమ్మోనియాను వేరుచేసి తిరిగి వాడుకుంటారు. అక్కరకు మించి వచ్చిన సెకండరీ, టెర్షియరీ ఎమీన్లను కూడా మరల ఉత్ప్రేరకం మీదికి పంపి, కావలసిన ఎమీన్ పాలు పెరిగేటట్లు చేస్తారు.

మిథైల్ ఆల్కహాల్ విషయం కొంత వేరు. దానికి సాధారణంగా లోహాలను కాక, అల్యూమినా, సిలికా-అల్యూమినా, జియోలైట్లు వంటి ఘన ఆమ్లాలను వాడతారు. ఇక్కడ చేబదులు ప్రసక్తి లేదు. ఘన ఆమ్లమే హైడ్రాక్సిల్ సమూహాన్ని కదిలించి నీటిగా పంపివేస్తుంది. అయితే సాధారణ ఘన ఆమ్లాల మీద ట్రైమిథైల్ ఎమీన్ అధికంగా వస్తుంది. పరిశ్రమకు ఎక్కువగా కావలసినది డైమిథైల్ ఎమీన్. 1980ల దశకంలో జపాను శాస్త్రజ్ఞులు మోర్డనైట్ అనే జియోలైటును తగినట్లుగా మలచి ఈ సమస్యకు పరిష్కారం కనుగొన్నారు. దాని రంధ్రాలు ఎంత సన్ననివంటే, లావుపాటి ట్రైమిథైల్ ఎమీన్ అణువు వాటి నుండి బయటికి రాలేదు. చిన్నవైన మిగిలిన రెండూ రాగలవు. జల్లెడ పిండిని ఏరినట్లు రంధ్రమే అణువును ఏరుతుంది. మెట్‌ఫార్మిన్‌కు కావలసిన డైమిథైల్ ఎమీన్ వెనుక ఇంత కథ ఉన్నది.

ఏ పనికి ఏ లోహం?

నికెల్ ఉత్ప్రేరకాలలో మిక్కిలి ప్రసిద్ధమైనది రేనీ నికెల్. 1920ల దశకంలో అమెరికన్ ఇంజనీరు ముర్రే రేనీ దీనిని కనుగొన్నాడు. నికెల్, అల్యూమినియం కలిసిన మిశ్రమలోహాన్ని సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచితే అల్యూమినియం చాలవరకు కరిగిపోతుంది. మిగిలిన నికెల్ తేనెపట్టువలె రంధ్రాలమయమై, మిక్కిలి విశాలమైన ఉపరితలాన్ని కలిగి ఉంటుంది. దానిని నీటి అడుగున నిలువ చేయాలి. పొడిగా గాలి తగిలితే తనంత తానే అంటుకొనగలదు. ప్రయోగశాలలో దీనిని వడపోసిన కాగితాన్ని పొరపాటున కూడా చెత్తబుట్టలో పడవేయరాదు.

మరొక విధానంలో లోహాన్ని అల్యూమినా వంటి ఆధారం మీద అతి సూక్ష్మ కణాలుగా పరుస్తారు. ఉత్ప్రేరణ అంతా ఉపరితలం మీదనే జరుగుతుంది కనుక, అంతే లోహంతో ఎంత ఎక్కువ ఉపరితలం లభిస్తే అంత లాభం. ఆధారం కూడా ఊరక కూర్చొనదు. లోహ కణాలు వేడికి ఒకదానితో ఒకటి అతుక్కొనకుండా అది కాపాడుతుంది.

రాగికి మరొక సుగుణం ఉన్నది. ఆల్కహాల్ నుండి హైడ్రోజన్‌ను తీస్తుంది గాని, కార్బన్ గొలుసును తెంచే స్వభావం దానికి తక్కువ. అందువలన నూనెల నుండి లభించే 12 నుండి 18 కార్బన్ల ఆల్కహాళ్లను డైమిథైల్ ఎమీన్‌తో కలపడానికి రాగి ఆధారిత ఉత్ప్రేరకాలు అనువైనవి. మొదట చెప్పుకున్న క్రిమినాశకానికి కావలసిన ఎమీన్లు ఈ దారిలోనే వస్తాయి.

కరిగే ఉత్ప్రేరకాలు, కరగని ఉత్ప్రేరకాలు

1981లో ఉత్తర ఐర్లాండులో గ్రిగ్, జపానులో వతనబె బృందాలు వేరువేరుగా, ద్రావణంలో కరిగే రుథీనియం, రోడియం, ఇరిడియం సమ్మేళనాలతో ఇదే చేబదులు చర్యను ఇంకా సౌమ్యమైన పరిస్థితులలో జరపవచ్చునని చూపాయి. 2008లో గుణనాథన్, మిల్‌స్టీన్ అనే శాస్త్రజ్ఞులు ఒక రుథీనియం సమ్మేళనంతో ఆల్కహాల్, అమ్మోనియాల నుండి ప్రైమరీ ఎమీన్లను ఎంతో వరణాత్మకంగా రాబట్టారు. ఇవి గొప్ప విజయాలే. కాని ఈ లోహాలు అపురూపమైనవి, ఖరీదైనవి. పైగా కరిగిన లోహాన్ని సరుకు నుండి పూర్తిగా వేరుచేయడం తేలిక కాదు.

ఔషధాల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. నోటి ద్వారా తీసుకొనే మందు వలన రోజుకు శరీరంలోకి చేరదగిన పెల్లేడియం 100 మైక్రోగ్రాములు, కోబాల్ట్ 50 మైక్రోగ్రాములు మించరాదని అంతర్జాతీయ మార్గదర్శక సూత్రాలు నిర్దేశిస్తున్నాయి. ఘన ఉత్ప్రేరకాన్ని వడపోస్తే చాలు, వేరవుతుంది. మళ్ళీ వాడుకొనవచ్చును. కాబట్టే పరిశోధకులు నికెల్, రాగి, కోబాల్ట్ వంటి చవక లోహాలను ఘన రూపంలోనే మెరుగుపరచడానికి నేటికీ కృషి చేస్తున్నారు.

అయితే ఘనపదార్థం అనుకున్నది నిజంగా ఘనంగానే పనిచేస్తున్నదా? కొంత లోహం కరిగి ద్రావణంలోకి పోయి, అదే చర్యను నడుపుతున్నదేమో! దీనిని తేల్చడానికి ఒక సరళమైన పరీక్ష కలదు. చర్య సగంలో ఉండగా, వేడిగా ఉన్నప్పుడే ఉత్ప్రేరకాన్ని వడపోసి, మిగిలిన ద్రవాన్ని అదే వేడిమిలో కొనసాగించాలి. చర్య ఆగిపోతే ఘనపదార్థమే పని చేసినదనడానికి అది బలమైన సాక్ష్యం. సాగుతూనే ఉంటే లోహం కరుగుతున్నదన్నమాట. వడపోతకు ముందు ద్రవాన్ని చల్లార్చరాదు. చల్లబడితే కరిగిన లోహం తిరిగి ఘనపదార్థం మీదికి చేరి మనలను మోసగించవచ్చును.

ఈ పద్ధతికి గల హద్దులు

ఏ పద్ధతినైనా దాని హద్దులతో సహా తెలుసుకోవాలి. గంధకం గల మలినాలు కొద్దిపాటి ఉన్నా నికెల్‌కు విషమవుతాయి. 200 డిగ్రీల వేడిమిని, హైడ్రోజన్ పీడనాన్ని సున్నితమైన ఔషధ అణువులు తట్టుకొనలేవు. హైడ్రోజన్ వాయువును వాడే చోట భద్రతకు ఎక్కువ వ్యయం అవుతుంది. కనుక సులభ నిర్మాణం గల ఎమీన్లకు ఈ మార్గం బాగా స్థిరపడినది గాని, సంక్లిష్టమైన అణువులకు పాత పద్ధతులు నేటికీ పోలేదు.

అదీగాక, మిగిలేది నీరు మాత్రమే అన్న మాట ఈ ఒక్క చర్యకే వర్తిస్తుంది. అమ్మోనియా ఎక్కడి నుండి వచ్చినది? రామగుండంలో 2021లో ఉత్పత్తి ప్రారంభించిన ఎరువుల కర్మాగారంవలె, నేడు మన దేశంలో అమ్మోనియాను ప్రధానంగా సహజవాయువు నుండే తయారుచేస్తున్నారు. ఆ తయారీలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. చెరకు మొలాసిస్ నుండి లభించే ఇథైల్ ఆల్కహాల్‌కు కూడా పొలం, నీరు, బాయిలరు ఇంధనం కావాలి. సంపూర్ణమైన లెక్క వ్రాసేవారు ఈ పద్దులను కూడా వ్రాయాలి.

మన ముందున్న ప్రశ్న

ఉప్పు గూర్చి ఇంతగా ఎందుకు చెప్పవలసి వచ్చినదో ఇప్పుడు విన్నవిస్తాను. వ్యర్థజలంలోని అనేక సేంద్రియ పదార్థాలను సూక్ష్మజీవులు తిని నీటిని శుద్ధి చేయగలవు. కాని కరిగిన ఉప్పును సూక్ష్మజీవులు తినలేవు. పైగా ఉప్పు ఎక్కువైతే ఆ సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. ఉప్పునీటిని మరిగించి ఆవిరి చేయడమో, ఖరీదైన పొరల ద్వారా వడపోయడమో తప్ప మార్గం లేదు. మరిగించినా చివరకు ఒక ఉప్పు గుట్ట మిగిలే ఉంటుంది. హైదరాబాదు పొరుగున పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక ప్రాంతపు కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైనది. వాగులు, బావులు, పొలాలు చెడిన తరువాత న్యాయస్థానం ఎంత చేసినా, చెడిన నీటిని బాగుచేయడం దశాబ్దాల పని. ఉప్పును తొలగించడానికి అన్నింటికన్న చవకైన మార్గం దానిని పుట్టనీయకపోవడమే. ఆ నిర్ణయం గొట్టం చివర జరగదు. ఏ చర్యను ఎన్నుకోవాలని రసాయన శాస్త్రజ్ఞుడు కాగితం మీద వ్రాసుకునే నాడే జరుగుతుంది.

మన కళాశాలలో రసాయనశాస్త్రం చదివిన విద్యార్థులలో కొందరు రేపు ఇట్టి కర్మాగారాలలోనో ప్రయోగశాలలలోనో ఉద్యోగాలు చేస్తారు. దిగుబడి ఎంత అని అడగడం మనకు బాగానే నేర్పబడినది. ఒక కిలో సరుకుకు ఎన్ని కిలోల వ్యర్థం మిగులుతుంది అని అడగడం కూడా అదే వయస్సులో అలవాటు కావాలి. దీనికి కొత్త భవనాలు గాని, విదేశీ యంత్రాలు గాని అవసరం లేదు. ప్రయోగ పుస్తకంలో దిగుబడి వ్రాసే గడి పక్కనే మరొక గడి గీసి, అందులో వ్యర్థం బరువు వ్రాయిస్తే చాలు. అణుభారాలు తెలిసిన ప్రతి విద్యార్థీ ఐదు నిమిషాలలో ఆ లెక్క వేయగలడు. కళాశాల కమిటీ వారు, ఆచార్యులు రాబోయే విద్యా సంవత్సరం నుండి ఈ చిన్న మార్పును ప్రవేశపెట్టవలసినదిగా సవినయంగా కోరుతున్నాను. 45 కిలోల ఎమీన్ పక్కన 53.5 కిలోల ఉప్పు అని తన చేతితో వ్రాసిన విద్యార్థి, రేపు దానిని 18 కిలోల నీరుగా మార్చే మార్గాన్ని తప్పక వెదుకుతాడు.